పతకమును, తీగముక్కయు

ఉపన్యాసవేదికపై నిలిచిన వృద్ధురాలు శ్రోతలకు చిన్న తీగముక్కలు పంచుచుండెను. ఒక్కొక్కటి సుమారు 30 సెంటీమీటర్ల పొడవు. సెకనులో నూరుకోట్లవ వంతు కాలమున కాంతి పోగల దూరము అంతియే. ‘నానోసెకను’ అను కంటికానని కాలమును ఆమె యిట్లు చేతికందించెను. ఆమెయే గణితాచార్యురాలు గ్రేస్ హాపర్.

1906 డిసెంబరు 9న న్యూయార్కు నగరమున ఆమె జన్మించెను. గడియారమెట్లు నడచునో తెలియగోరి, ఏడేండ్ల ప్రాయముననే ఇంటిలోని ఏడు అలారము గడియారములను విప్పివేసెనట! 1931 నుండి వాసర్ కళాశాలలో గణితము బోధించుచు, 1934లో యేల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందెను.

యుద్ధకాలమున నౌకాదళములో చేరబోగా వయస్సు మీరినదనియు, బరువు చాలదనియు అడ్డంకులు వచ్చెను. ప్రత్యేకానుమతి పొంది 1943లో చేరెను. మరుసటియేట హార్వర్డులోని మార్క్ 1 గణనయంత్రము చెంతకు పంపబడెను. 51 అడుగుల పొడవైన ఆ యంత్రమునకు ప్రతి యాదేశమును అంకెల రూపముననే అందింపవలసియుండెను. పదేపదే వ్రాయు ఆదేశములను యంత్రమే కూర్చుకొనరాదాయని ఆమె యోచించెను. 1952లో ‘ఏ-జీరో’ కంపైలరును సిద్ధపరచెను. యంత్రము లెక్కలు చేయునే గాని ప్రోగ్రాములు వ్రాయజాలదని పలువురు నమ్మరైరి. ఆమె నిరుత్సాహపడలేదు. తరువాత ఆంగ్లపదములతో ఆదేశములిచ్చు ‘ఫ్లో-మేటిక్’ వెలువడెను. 1959లో రూపుదాల్చనారంభించిన కోబాల్ భాషకు అది ముఖ్యాధారమయ్యెను.

“ఎప్పుడును ఇట్లే చేయుచున్నాము” అను మాట ఆమెకు గిట్టదు. ఆమె గదిలోని గోడగడియారపు ముండ్లు ఎదురుదిక్కున తిరుగుచుండెను. అయినను కాలమును సరిగనే చూపుచుండెను. అలవాటు వేరు, సత్యము వేరు అని విద్యార్థికి తెలుపుటకు ఇంతకన్న సులభమైన పాఠమేమున్నది?

1986లో 79 ఏండ్ల వయస్సున రియర్ అడ్మిరల్ పదవినుండి ఆమె విరమించెను. 1991లో అమెరికా జాతీయ సాంకేతిక పతకము లభించెను. వ్యక్తిగతముగా ఆ పతకమందిన తొలి మహిళ ఆమెయే. 1992 జనవరి 1న కన్నుమూసెను. 2016లో ఆ దేశాధ్యక్షుని స్వాతంత్ర్య పతకము మరణానంతరము ప్రకటింపబడెను.

ఇన్ని గౌరవములు పొందియు, కంపైలరు నిర్మాణము తరువాత తాను సాధించిన ముఖ్యకార్యము యువజనులకు శిక్షణ యిచ్చుటయేయని ఆమె భావించెను. పతకము కొలదిమందికే దక్కును. తీగముక్క ఏ గ్రామ పాఠశాలలోనైనను దొరకును. దానిని పాఠముగా మార్చగల ఉపాధ్యాయుడే కావలెను.