ఖరగ్‌పూర్ ఎండలో ఫిల్మ్: డిజిటల్ స్టూడియో మళ్లీ నేర్చుకోవాల్సిన పాఠాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు రైల్వే పనులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. అలాంటి ఇంటి గోడ మీద తాతయ్య, నాయనమ్మల నలుపు తెలుపు ఫొటో ఉంటే, అది ఏదో ఒక స్టూడియోలో ఫిల్మ్ మీద పడిన వెలుతురే.

డిజిటల్ కెమెరాలు వచ్చాక డార్క్‌రూమ్‌లు మూతపడ్డాయి. ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ తయారుచేసిన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఆగిపోయింది. కోల్‌కతాలోని పేరున్న బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో 2016లో మూతపడింది. ఇప్పుడు పలు దేశాల్లో కొందరు ఫొటోగ్రాఫర్లు మళ్లీ ఫిల్మ్ వైపు చూస్తున్నారు. ఖరగ్‌పూర్ లాంటి వేడి, తేమ ఉన్న ఊళ్లో ఒక స్టూడియో ఆ పని చేయాలంటే ఇష్టం ఒక్కటే చాలదు. డిజిటల్‌తో అలవాటైన కొన్ని లెక్కలను తిరగరాసుకోవాలి.

కుండ నిండితే పొంగుతుంది, బోగీ నిండితే నెమ్మదిస్తుంది

డిజిటల్ సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్ ఒక కుండ లాంటిది. కాంతి పడినకొద్దీ అందులో ఎలక్ట్రాన్లు పోగవుతాయి. రెట్టింపు కాంతికి రెట్టింపు ఎలక్ట్రాన్లు. కుండ నిండాక వచ్చే కాంతికి లెక్క ఉండదు. తెల్ల పట్టుచీర మీద ఫ్లాష్ ఎక్కువైతే నేత కనిపించకుండా తెల్లటి మచ్చ మిగిలేది అందుకే. కాబట్టి డిజిటల్‌లో పనిచేసేవారు ముందు తెలుపును కాపాడుకుంటారు. చీకటి భాగాలను తర్వాత కంప్యూటర్‌లో కొంత పైకి లేపవచ్చు.

ఫిల్మ్ పనితీరు వేరు. దాని పూతలో జెలటిన్ మధ్య లెక్కలేనన్ని సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. కాంతి తగిలిన స్ఫటికంలో కనీసం మూడు నాలుగు వెండి పరమాణువులు ఒకచోట చేరితేనే డెవలపర్ దాన్ని నల్లని వెండిగా మార్చగలదు. అంతకన్నా తక్కువ కాంతి అందిన చోట ఏమీ నమోదు కాదు. ఎక్కువ కాంతి అందినప్పుడు మాత్రం జనరల్ బోగీలో సీట్లు నిండినట్టు జరుగుతుంది. మొదట ఎక్కినవారికి వెంటనే సీటు దొరుకుతుంది. తర్వాత ఖాళీలు తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది. ఈ వంపును ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే గ్రాఫుగా గీసి చూపారు.

అందుకే నెగెటివ్ ఫిల్మ్‌కు సూత్రం తిరగబడుతుంది: ముందు నీడలకు చాలినంత కాంతి ఇవ్వాలి. ముదురు రంగు సూటు మడతల్లో కాంతి చాలకపోతే, ఆ మడతలను తర్వాత ఎవరూ తెచ్చివ్వలేరు. దీని అర్థం ఫిల్మ్ మేలు, సెన్సర్ తక్కువ అని కాదు. రెండూ వేర్వేరు చోట్ల తప్పుతాయి.

పొరపాటు తెలిసేది ఆలస్యంగా

120 రోల్ మీద 6×6 సెంటీమీటర్ల చొప్పున 12 ఫొటోలే వస్తాయి. పొరపాటు బయటపడేసరికి ఫొటో దిగినవారు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ఒకప్పుడు స్టూడియోలు పోలరాయిడ్ మీద ముందుగా ఒక ఫొటో తీసి లైట్లు సరిచూసుకునేవి. ఇప్పుడు ఆ పని డిజిటల్ కెమెరాతోనే చేయవచ్చు. అయితే దాని తెర ఫ్లాష్ ఎటు పడుతోందో, నీడ ఎక్కడుందో చెబుతుందే తప్ప, ఫిల్మ్ ఎంత నమోదు చేస్తుందో చెప్పదు. అందుకు లైట్ మీటర్‌తో నీడ భాగాన్ని కొలవాలి.

వేసవిలో 20 డిగ్రీలు

నలుపు తెలుపు ఫిల్మ్‌ను సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ వద్ద డెవలప్ చేస్తారు. వేడి పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుంది, సమయం తగ్గించాలి. ఖరగ్‌పూర్‌లో వేసవి పగళ్లు 40 డిగ్రీలు తాకుతాయి. నల్లా నీళ్లను అలాగే వాడితే నెగెటివ్ మితిమీరి నల్లబడుతుంది, జెలటిన్ మెత్తబడి గీతలు పడుతుంది. ఐస్ వేసిన తొట్టిలో డెవలపర్, ఫిక్సర్ సీసాలను, కడిగే నీళ్లను ఉంచి, అన్నింటినీ ఒకే ఉష్ణోగ్రతకు తేవాలి. ఒకటి చల్లగా, ఇంకొకటి వేడిగా ఉంటే జెలటిన్ ముడతలు పడవచ్చు. కలర్ నెగెటివ్‌కు సమస్య తలకిందులు. దాని డెవలపర్ 37.8 డిగ్రీల వద్ద ఉండాలి కాబట్టి, చలికాలంలో వేడి చేయాల్సి వస్తుంది.

వానాకాలంలో తేమ మరో శత్రువు. జెలటిన్ బూజుకు ఆహారం. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్మ్‌ను గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు. లేదంటే చల్లని గ్లాసు మీద పట్టినట్టే దానిమీదా నీరు పడుతుంది.

తొట్టిలో మిగిలే వెండి

ఫిక్సర్ చేసే పని కాంతి తగలని సిల్వర్ హాలైడ్‌ను కరిగించడం. కాబట్టి వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది. నీటిలోని జీవులకు అది హాని చేస్తుంది గనక కాలువలో పారబోయకూడదు. స్టీల్ ఊలు గుండా పోనిస్తే ఇనుము కరిగి, వెండి బయటికి వస్తుంది. స్కూల్ పుస్తకంలోని స్థానభ్రంశ చర్యే ఇది.

ఫిల్మ్‌లో ఫిక్సర్ మిగిలిపోకుండా బాగా కడగడం అంతే ముఖ్యం. మిగిలిన థయోసల్ఫేట్ ఏళ్ల తర్వాత బొమ్మను పసుపు పట్టిస్తుంది. సరిగ్గా కడిగి, పొడిగా దాచిన నెగెటివ్‌ను చూడటానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే చాలు. మనవలు అలా చూడగలరా లేదా అన్నది ఆ చివరి పది నిమిషాల నీళ్ల మీదా ఆధారపడి ఉంటుంది.