పేరు లేని శవం, శవం లేని పేరు

మనిషి కనిపించకుండా పోవడానికీ, మనిషి చనిపోవడానికీ మధ్య చట్టం చాలా దూరం ఉంచింది. ఇంటి నుంచి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదని బంధువులు ఫిర్యాదు చేస్తే పోలీసులు నమోదు చేసేది అదృశ్యం కేసు మాత్రమే, ఆ కాగితం మీద అతడు ఇంకా బతికి ఉన్నవాడే. అదే రోజుల్లో మరెక్కడో రైలు పట్టాల పక్కనో, చెరువు గట్టునో గుర్తు తెలియని శవం దొరికితే, అక్కడి పోలీసులు మధ్యవర్తుల సమక్షంలో శవ పంచనామా జరిపి, అంటే మరణానికి పైకి కనిపించే కారణాలను రాతలో పెట్టి, ఫోటోలు తీయించి, సాధారణంగా 72 గంటల పాటు శవాన్ని భద్రపరచి, ఎవరూ రాకపోతే అంత్యక్రియలు జరిపిస్తారు. మొదటి స్టేషనులో ఉన్నది శవం లేని పేరు, రెండవ స్టేషనులో ఉన్నది పేరు లేని శవం. ఈ రెండూ ఒకే మనిషివని తేల్చడం దర్యాప్తులో మొదటి పని అయితే, రెండవ కాగితం ఎన్నటికీ దొరకనప్పుడు మొదటి కాగితంతోనే హత్యానేరాన్ని రుజువు చేయవచ్చునా అన్నది న్యాయస్థానాలను మూడు శతాబ్దాలుగా వేధించిన ప్రశ్న.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. ఇక్కడి పల్లెలకు మనిషి లేకపోవడం వింత కాదు. కట్టడం పనులకు హైదరాబాదు, చెన్నై వెళ్ళేవారు, వేట కోసం గుజరాత్‌లోని వెరావల్‌కూ, ఒడిశాలోని పారాదీప్‌కూ వెళ్ళే మత్స్యకారులు నెలల తరబడి ఇంటికి దూరంగానే ఉంటారు గనుక, ఒక మనిషి నుంచి కబురు ఆగిపోయినప్పుడు ఇంట్లోవారికి ముందుగా తోచేది పని ఒత్తిడే తప్ప చావు కాదు. ఇలా ఫిర్యాదు ఆలస్యం కావడం ఒక చిక్కైతే, ఇచ్ఛాపురం దాటగానే రాష్ట్రమే మారిపోవడం, రైలు మార్గం రెండు రాష్ట్రాలనూ ఒకే దారంతో కుట్టినట్టుగా సాగడం మరొక చిక్కు. తప్పిపోయినది ఒక రాష్ట్రంలో, శవం తేలేది మరొక రాష్ట్రంలో కావడం ఇక్కడ అసాధ్యమేమీ కాదు.

భారతదేశంలో న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ చదవక తప్పని ఒక కేసు సరిగ్గా ఈ రైలు మార్గం మీదనే పుట్టింది. పాకల నారాయణస్వామి కేసుగా ప్రసిద్ధికెక్కిన ఆ వ్యవహారంలో హతుడు పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసిన నలభై ఏళ్ళ మనిషి, నిందితుడు ఆ దివానుకు అల్లుడు. దంపతులకు డబ్బు ఇబ్బంది కలిగినప్పుడు నిందితుడి భార్య 1936లో ఆ బంట్రోతు దగ్గర నూటికి 18 రూపాయల సాలు వడ్డీకి విడతలు విడతలుగా 3,000 రూపాయల దాకా అప్పు తీసుకుంది. దివాను కూతురు దివాను బంట్రోతుకు బాకీ పడటంలోని విపరీతాన్ని న్యాయమూర్తులు ప్రత్యేకంగా వ్యాఖ్యానించలేదు గాని, ఆనాటి జమీందారీ సమాజాన్ని ఎరిగినవారికి అందులోని అవమానం వేరే చెప్పనక్కరలేదు. 1937 మార్చి 20న బంట్రోతుకు సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది. అతడు దానిని భార్యకు చూపించి, బాకీ డబ్బు తీసుకోవడానికి రమ్మని నిందితుడి భార్య రాసిందనీ, ఆ దంపతులు ఉండే బరంపురం వెళుతున్నాననీ చెప్పి, మరునాడు ఆదివారం రైలెక్కాడు. పిఠాపురం నుంచి బరంపురానికి దాదాపు 250 మైళ్ళు, అందులో విజయనగరం, చీపురుపల్లి, ఆమదాలవలస, నౌపడ, పలాస, ఇచ్ఛాపురం మీదుగా సాగే భాగమంతా నేటి ఈ జిల్లాలలోనిదే. ఆ మనిషి తిరిగి రాలేదు.

మార్చి 23 మధ్యాహ్నం పూరీ స్టేషనులో ఒక మూడవ తరగతి పెట్టెలో ఎవరూ దింపుకోని ఉక్కు ట్రంకుపెట్టె ఒకటి కనిపించింది. దానిలో ఏడు ముక్కలుగా నరికిన శవం ఉంది. హత్య జరిగిందని వైద్యుడు తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు గాని, అది ఎవరి శవమో తేలడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ కొద్ది రోజులూ పిఠాపురంలో శవం లేని పేరు ఒకటి, పూరీలో పేరు లేని శవం ఒకటి ఉన్నాయి. వాటిని కలిపినది భార్య గుర్తింపు. తరువాత హతుడి ఇంట్లో అప్పుకు సంబంధించిన సుమారు 50 ఉత్తరాలు, చీటీలు బయటపడ్డాయి. ట్రంకుపెట్టెను బరంపురంలో నిందితుడి కోసం ఒక చాకలి కొన్నట్టు, దానిని నిందితుడి ఇంటి నుంచి స్టేషనుకు జట్కాలో చేర్చినట్టు సాక్ష్యం వచ్చింది. ఉత్తరం, పెట్టె, జట్కా అనే మూడు మామూలు వస్తువులు కలిసి హత్య కథను చెప్పాయి, చంపుతుండగా చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు.

కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్ళింది. 1939 జనవరిలో లార్డ్ ఆట్కిన్ చెప్పిన తీర్పులో మరణశిక్ష ఖరారైంది. బయలుదేరేముందు భర్త చెప్పిన మాటను భార్య న్యాయస్థానంలో చెప్పవచ్చునా అన్నది అందులో పెద్ద చర్చ. చనిపోయిన మనిషిని ప్రశ్నించే వీలు లేదు గనుక అతడి మాటను మరొకరి నోట వినడం సాధారణంగా నిషిద్ధం, అయితే మరణానికి దారితీసిన పరిస్థితులకు సంబంధించిన మాటలకు సాక్ష్య చట్టం మినహాయింపు ఇస్తుంది. అప్పటి ఇంగ్లండు చట్టంలో మరణ వాంగ్మూలం చెల్లాలంటే చెప్పే మనిషికి చావు తప్పదన్న ఎరుక ఉండాలి, భారతీయ చట్టంలో ఆ షరతు లేదని ప్రివీ కౌన్సిలు స్పష్టం చేసింది. బాకీ వసూలుకు ఉత్సాహంగా బయలుదేరిన మనిషి ఇంటి గుమ్మంలో భార్యతో అన్న మామూలు మాట ఈ విధంగా మరణ సాక్ష్యం అయింది. ఈ మినహాయింపు ఇచ్చిన 1872 నాటి సాక్ష్య చట్టంలోని 32వ సెక్షను 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 26వ సెక్షనుగా కొనసాగుతున్నది. శవం దొరకని కేసులలో దీని విలువ మరీ ఎక్కువ. ఎక్కడికి వెళుతున్నాడో, ఎవరు పిలిచారో ఇంట్లో చెప్పిన మాట లేకపోతే అదృశ్యం కేసు చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతుంది.

శవం దొరికి ఉండకపోతే ఏమయ్యేదన్న ప్రశ్నకు పదిహేడవ శతాబ్దపు ఆంగ్ల న్యాయమూర్తి మాథ్యూ హేల్ సమాధానం ఖండితంగా ఉండేది. చంపినట్టు ప్రత్యక్ష రుజువైనా ఉండాలి, లేదా శవమైనా దొరకాలి, లేకుంటే ఎవరినీ హంతకుడిగా శిక్షించరాదన్నది ఆయన నియమం. అటువంటి జాగ్రత్త ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి ఇంగ్లండులోని కాంప్‌డెన్ ఉదంతం చాలు. 1660లో విలియం హారిసన్ అనే పెద్దాయన కనిపించకుండా పోతే, ఆయన నౌకరూ, ఆ నౌకరు తల్లీ, సోదరుడూ, ముగ్గురూ 1661లో ఉరికంబం ఎక్కారు. 1662లో హారిసన్ నిక్షేపంగా ఇంటికి వచ్చాడు. విశేషమేమంటే, తల్లినీ సోదరుడినీ ఇరికిస్తూ నేరం ఒప్పుకున్నది ఆ నౌకరే. ఒప్పుకోలు ఉన్నంత మాత్రాన మరణం జరిగినట్టు కాదు.

భారత న్యాయస్థానాలు ఈ భయాన్ని గౌరవించాయి గాని హేల్ నియమాన్ని యథాతథంగా అంగీకరించలేదు. కార్పస్ డెలిక్టై అనే లాటిన్ పదబంధాన్ని చాలామంది శవం అనే అర్థంలో వాడతారు, నిజానికి దాని అర్థం నేరం జరిగిందన్న మూల విషయం. హత్యలో ఆ మూల విషయం మరణం. దానిని శవం ద్వారా రుజువు చేయడం ఉత్తమమైన దారే అయినా ఏకైక దారి కాదని 1981లో రమానంద్ కేసులో జస్టిస్ సర్కారియా రాసిన తీర్పు వివరించింది. తమిళనాడుకు చెందిన సేవక పెరుమాళ్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇంకా సూటిగా మాట్లాడింది. మరణాన్ని తక్కిన ఏ వాస్తవాన్ని రుజువు చేసినట్టే రుజువు చేయాలి, శవం తప్పనిసరి అంటే దానిని మాయం చేయగలిగిన తెలివైన హంతకుడికి చట్టమే అభయం ఇచ్చినట్టవుతుంది. అయితే శవం లేనప్పుడు తక్కిన సాక్ష్యం నిర్దోషిత్వానికి ఎక్కడా సందు మిగల్చని గొలుసుగా ఉండాలి.

ఆ గొలుసు తయారీ వెతుకులాటతో మొదలవుతుంది. ఈ ప్రాంతపు భూగోళం వెతికేవారికి కొంత సాయం చేస్తుంది, అంతకన్నా ఎక్కువగా అడ్డం పడుతుంది. ఒడిశా కొండలలో పుట్టిన వంశధార, నాగావళి వరద రోజులలో దేనినైనా సముద్రం దాకా మోసుకుపోగలవు. మునిగిన శవం లోపల వాయువులు పుట్టి తేలుతుంది, నీరు వెచ్చగా ఉంటే ఇది రెండు మూడు రోజులలోనే జరుగుతుంది, కనుక గజ ఈతగాళ్ళ వెతుకులాట కన్నా కొన్నిసార్లు నది దిగువన వలలు వేసే జాలర్ల చూపే ముందుగా పనికొస్తుంది. ఉద్దానంలోని జీడి, కొబ్బరి తోటల నేల తవ్వడానికి సులువు, పాతిపెట్టినవారికీ, వెతికేవారికీ కూడా. గొయ్యి తీసి పూడ్చిన మట్టి కొన్నాళ్ళకు కుంగుతుంది, దాని మీద గడ్డి చుట్టుపక్కల గడ్డికన్నా వేరుగా పెరుగుతుంది, ఇనుప ఊచ దిగబడే తీరే మారుతుంది. ఖరీదైన యంత్రాలు రాకముందే ఈ గుర్తులను పట్టగలిగేది ఆ తోటలో రోజూ తిరిగే కూలీ. శవ శిథిలత గురించి వైద్యులు చెప్పే పాత లెక్క ఒకటుంది. గాలిలో వారం రోజులలో జరిగే మార్పు నీటిలో రెండు వారాలకు, నేలలో ఎనిమిది వారాలకు జరుగుతుందని ఆ లెక్క. ఉష్ణప్రాంతపు ఎండా తేమా దానిని తారుమారు చేస్తాయి, ఆమ్లగుణం ఉన్న నేలలో కాలం గడిచేకొద్దీ ఎముక కూడా కరిగిపోతుంది. పళ్ళు మాత్రం చాలాకాలం నిలుస్తాయి.

చాలా కేసులలో శవం దాకా దారి చూపేది నిందితుడే. పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలు న్యాయస్థానంలో చెల్లదు, కానీ ఆ మాట వెంట ఒక వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సంబంధించినంత వరకు మాట చెల్లుతుంది. ఈ హద్దును గీసినదీ తెలుగువారి కేసే. గుంటూరు ప్రాంతపు పులుకూరి కొట్టయ్య కేసులో ప్రివీ కౌన్సిలు, ఈటెను దాచిన చోటు చెప్పిన మాటను ఉంచి, దానితో పొడిచానన్న మాటను తీసివేయమన్నది. నేటికీ ఫలానా తోటలో పాతిపెట్టాను, చూపిస్తాను అన్నంత వరకే నిలుస్తుంది, చంపాను అన్నది నిలవదు. అందుకే శవం వెలికితీత వేళ వీఆర్వో వంటి మధ్యవర్తుల సమక్షమూ, పాతిన శవాన్ని తవ్వించే అధికారం గల మెజిస్ట్రేటు హోదాలో తహసీల్దారు హాజరూ లాంఛనాలు కావు. పోలీసులకు ఆ చోటు ముందే తెలుసునని ప్రతివాది న్యాయవాది నిరూపిస్తే మొత్తం కథ కూలిపోతుంది.

దొరికిన ఎముక ఎవరిదో చెప్పే పనిలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉంది. 1995లో ఢిల్లీ తందూరు హత్యలో కాలిన శవం ఎవరిదో డీఎన్‌ఏ ద్వారా తేల్చినది హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీ సింగ్. డీఎన్‌ఏ పోల్చాలంటే సాధారణంగా తల్లిదండ్రులో, బిడ్డలో నమూనా ఇవ్వాలి. అంటే పేరు తెలిసినవారు ముందుకు వస్తేనే శవం మాట్లాడుతుంది. ఆ పరీక్ష ఫలితం కోసం ఆగకపోతే ఏమవుతుందో పొరుగున కర్ణాటక చూపింది. 2020లో కొడగు జిల్లాలో భార్య తప్పిపోయిందని ఫిర్యాదు చేసిన ఒక గిరిజనుడిని, మైసూరు జిల్లాలో దొరికిన అస్థిపంజరం ఆమెదేనని భావించి పోలీసులు హత్యానేరం మీద జైలుకు పంపారు. డీఎన్‌ఏ కలవలేదు, అయినా విచారణ సాగింది. 2025 ఏప్రిల్‌లో ఆమె మడికేరిలో సజీవంగా కనిపించింది. ఒక అస్థిపంజరానికి దొరికిన పేరును తగిలించడం ఎంత సులువో, ఆ అస్థిపంజరం నిజంగా ఎవరిదో వెతకవలసిన కేసు ఎలా మూలన పడుతుందో ఈ ఉదంతం చెబుతుంది.

నేరం ఊసే లేని చోట కూడా శవం లేని పేరు కుటుంబాన్ని వెంటాడుతుంది. ఏడేళ్ళ పాటు, సహజంగా కబురు తెలియవలసినవారికి ఏ కబురూ తెలియకపోతే, బతికి ఉన్నాడని చెప్పేవారే దానిని రుజువు చేయాలని సాక్ష్య చట్టం అంటుంది. కొత్త చట్టంలో ఇది 111వ సెక్షను. వేటకు వెళ్ళి సముద్రంలో గల్లంతైన మత్స్యకారుల ఇళ్ళకు ఈ ఏడేళ్ళ లెక్క బాగా పరిచయం. పెద్ద విపత్తులలో ప్రభుత్వం ఈ గడువును పక్కన పెట్టగలదు, 2013 ఉత్తరాఖండ్ వరదల తరువాత అలా చేసింది కూడా. 2016 జూలై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరి 29 మందితో మాయమైన వాయుసేన ఏఎన్-32 విమానంలో విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. దాని శకలాలు 3,400 మీటర్ల లోతున ఉన్నట్టు 2024 జనవరిలో గాని తెలియలేదు, అప్పటికి ఆ కుటుంబాల ఎదురుచూపు ఏడేళ్ళు దాటింది. ఒంటరిగా ఒక పడవ తిరిగి రాకపోతే వాయుసేన విమానం కోసం కదిలినంత యంత్రాంగం కదలదు.

పైగా ఏడేళ్ళ తరువాత చట్టం చేసే ఆ ఊహ మరణానికే గాని మరణ తేదీకి వర్తించదు. జీవిత బీమా సంస్థకూ, అనురాధ అనే పాలసీదారు భార్యకూ మధ్య నడిచిన కేసులో 2004లో సుప్రీంకోర్టు, ఏడేళ్ళు నిండినంత మాత్రాన మనిషి తప్పిపోయిన రోజునే చనిపోయాడని గాని, ఏడవ ఏడు నిండిన రోజున చనిపోయాడని గాని అనుకోరాదనీ, తేదీ కావాలంటే దానిని విడిగా రుజువు చేయాలనీ చెప్పింది. ఆ లోగా వాయిదాలు కట్టకపోతే పాలసీ మురిగిపోతుంది. ఆచూకీ లేని మనిషి పేరు మీద ఏడేళ్ళూ వాయిదాలు కడుతూ ఉండవలసినది ఆ ఇంటి ఆడవారే.