ముఖం తెల్లబడితే మురిసిపోవాలా?

పెళ్ళి నెల రోజులుందనగా ఎవరో చెప్పారని పిల్ల ఒక ట్యూబు తెచ్చి ముఖానికి రాసుకుంటుంది. వారం తిరిగేసరికి మొటిమలు అణిగి, ముఖం తెల్లగా కనబడుతుంది. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఆ తెలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించారా?

కళ్ళజోడు పెట్టుకుని ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ - వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్ మందే.

మన చర్మం అడుగు పొరలో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. వాటి లోపలి గోడకి ఒకే ఒక్క వరస కణాలు, బండలు పరిచినట్టు ఉంటాయి. ఒంటికి ఏదైనా పడకపోతే ఈ కణాలు కాస్త ఎడమై, రక్తంలోని నీటినీ తెల్లకణాలనీ బయటికి వదుల్తాయి. ఎరుపు, వాపు, దురద అందుకే. స్టెరాయిడ్ ఆ దారి మూసేస్తుంది, నాళాలు ముడుచుకుంటాయి. రక్తం తగ్గిన చోట చర్మం పాలిపోతుంది. ఛాయ అని మనం మురిసేది చాలావరకు ఇదే! 1962లో మెకెంజీ, స్టౌటన్ అనేవారు ముంజేతి మీద మందు రాసి, ఎంత పాలిపోయిందో చూసి దాని బలం లెక్కకట్టారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది.

నెలల తరబడి రాస్తే కథ మారుతుంది. చర్మంలోని పీచు పలచబడుతుంది. పందిరి గుంజ వదులైతే తీగ జారినట్టు, పట్టు తప్పిన నాళాలు సాగి బుగ్గల మీద ఎర్రదారాల్లా తేలుతాయి. మందు మానారో, ముడుచుకున్నవి మునుపటికన్నా ఎక్కువ విప్పారి, ముఖం కందగడ్డై మండుతుంది. పొయ్యి దగ్గర నిలబడలేరు. భయపడి మళ్ళీ రాస్తారు, తగ్గుతుంది. ఇక ఆ ట్యూబు వదలదు. పైగా ముంజేయి పీల్చేదానికన్నా నుదురు సుమారు 6 రెట్లు ఎక్కువ పీలుస్తుందాయె!

తామరకి రాసేవాళ్ళూ ఉన్నారు. దురద తగ్గుతుంది, లోపల బూజు మాత్రం హాయిగా పాకుతుంది.

అలాగని ఇది విషం కాదు. ఎగ్జిమాతో రాత్రంతా గోక్కునే పసివాడికి డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ పూత మేలే చేస్తుంది. చూపుడువేలి చివరి గీతనుంచి కొసదాకా పిండితే సుమారు అర గ్రాము. పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చోటుకి అది చాలు. ఎన్నాళ్ళు రాయాలో డాక్టరే చెప్పాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతల్ని చీటీ మీదనే అమ్మాలని ఉత్తర్వు వేసింది. అయినా అడిగితే ఇచ్చే దుకాణాలు లేకపోలేదు, ఏం చేస్తాం!

ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవారు మాత్రం ఒక్కసారిగా మానకండమ్మా. ఖాళీ ట్యూబైనా సరే, పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. ఎన్ని నెలలైందో దాచకుండా చెప్పండి. మందు బలం తగ్గించుకుంటూ రావాలో, ఎలా మాన్పించాలో ముఖం చూసి వారే నిర్ణయిస్తారు. ఎర్రదనం తగ్గడానికి నెలలు పట్టవచ్చు, ఆ మాట ముందే అనుకుని వెళ్ళండి.