మొటిమలకు మొక్క మందు: ఎంత, ఎన్నాళ్లు?

మొటిమలకు ఏం రాయాలని మన బ్రాంచి లంచ్ రూములో ఒక్కసారి అడిగి చూడండి. క్యారేజీల మూతలు తీసేలోగా అరడజను సమాధానాలు వస్తాయి. వేపాకు నూరి పెట్టమని ఒకరు, పసుపు, శనగపిండి అని మరొకరు, నిమ్మరసం అని ఇంకొకరు. టూత్‌పేస్టు చాలు, తెల్లారేసరికి ఎండిపోతుందని వెనక బల్ల మీంచి ఇంకో గొంతు. ఎవరి మందు వారిదే గానీ, ఒక్క మాట దగ్గర మాత్రం అందరూ కలుస్తారు. "మొక్క నుంచి వచ్చిందే కదా మేడం, మంచి చేయకపోయినా చెడు మాత్రం చేయదు." నా అభ్యంతరమల్లా ఆ మాట మీదే.

నేను డాక్టర్‌ని కాను. లోన్ ఫైళ్లు చదివీ చదివీ, ఎవరేం చెప్పినా "దీనికి కాగితం ఏదండీ?" అని అడిగే అలవాటు మాత్రం వచ్చింది. మొటిమలకు వాడే మొక్కల మందుల్లో మనుషుల మీద సరిగ్గా పరీక్షించి చూసిన కాగితం ఉన్న వాటిలో ముందు చెప్పుకోవలసింది టీ ట్రీ ఆయిల్. అది కూడా ఒక మోతాదులో, కొన్ని వారాల పాటు వాడినప్పుడే. ఇంట్లో టెన్త్, ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్లు ఈ రెండు షరతులూ గుర్తుపెట్టుకుంటే చాలా మచ్చలు తప్పుతాయి.

ముందు మొటిమ సంగతి

ముఖం మీద ప్రతి రోమ రంధ్రానికీ అనుబంధంగా నూనె తయారుచేసే ఒక చిన్న గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరగగానే ఆ గ్రంథి పెద్దదై నూనె ఎక్కువగా వదులుతుంది. రంధ్రం లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు ఆ నూనెతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. వెనక నిలిచిన నూనెలో క్యుటిబ్యాక్టీరియమ్ యాక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దానికి శరీరం ఎదురు తిరిగినప్పుడు ఎరుపు, వాపు, చీము.

ఇందులో రెండు విషయాలు తల్లిదండ్రులు తెలుసుకోవాలి. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది మురికి వల్ల కాదు. పైకి తెరుచుకున్న ఆ బిరడాకు గాలి తగలడం వల్ల, అందులో చేరిన మెలనిన్ వల్ల ఆ రంగు వస్తుంది. కాబట్టి "మొహం సరిగ్గా కడుక్కోవు, అందుకే ఇలా" అని పిల్లల్ని దెప్పడం అన్యాయం. గరుకు స్క్రబ్బుతో రుద్దితే వాపు పెరుగుతుంది తప్ప తగ్గదు. రెండోది, ఈరోజు పైకి కనబడిన మొటిమ లోపల కొన్ని వారాల కిందటే మొదలైంది. ఆదివారం పెళ్లి ఉందని శుక్రవారం మొదలుపెట్టిన ఏ మందూ దాన్ని వెనక్కి తీసుకెళ్లలేదు.

మన చర్మం విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. చామనఛాయ, నల్లని చర్మంలో ఎక్కడ వాపు వచ్చినా, ఎక్కడ కాలినా, ఒరుసుకున్నా ఆ చోట రంగు ఎక్కువగా చేరి గోధుమరంగు మచ్చ మిగులుతుంది. మొటిమ వారంలో పోవచ్చు, మచ్చ నెలల తరబడి కూర్చుంటుంది. చాలామంది పిల్లలు డాక్టరు దగ్గర చూపించుకునేది మొటిమను కాదు, ఈ మచ్చనే. అంటే మంటపుట్టించే మందు మొటిమను తగ్గించినా తన మచ్చ తాను పెట్టి పోతుంది. మందు ఎంత త్వరగా పనిచేస్తుందన్నదే కాదు, ఎంత మృదువుగా చేస్తుందన్నదీ మనం చూడాలి.

ఆస్ట్రేలియా ఆకు

టీ ట్రీకీ మనం తాగే తేయాకుకూ సంబంధం లేదు. ఇది మెలల్యూకా ఆల్టర్నిఫోలియా అనే చెట్టు. మన నేరేడు, జామ, లవంగం, నీలగిరి చెట్లది కూడా ఇదే కుటుంబం. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఈశాన్య తీరం దీని సొంత ఊరు. అక్కడి బుండ్జలుంగ్ అనే ఆదివాసీ ప్రజలు ఈ ఆకును నలిపి పుండ్లకు వాడేవారు. 1920లలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ నూనె సూక్ష్మజీవులను చంపుతుందని చూపించాక అది ప్రపంచానికి తెలిసింది. ఆకును ఆవిరి పట్టి తీసే ఈ నూనెలో ప్రధానంగా పనిచేసేది టెర్పినెన్-4-ఆల్ అనే పదార్థం. ఈ పదార్థం ఎంత శాతం ఉండాలన్నదానికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. వేపాకు ముద్దకు లేనిది ఈ కొలతే.

ఇక కాగితం. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల రోగుల మీద ఒక పోలిక జరిగింది. కొందరికి 5 శాతం టీ ట్రీ జెల్, కొందరికి డాక్టర్లు మామూలుగా రాసే 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్. రెండూ మొటిమల్ని తగ్గించాయి. టీ ట్రీ ఆలస్యంగా పనిచేసింది. కానీ ఎండిపోవడం, మంట, పొలుసులు లాంటి ఇబ్బందులు బెంజాయిల్ పెరాక్సైడ్ వాడినవారిలో 79 శాతం మందికి వస్తే, టీ ట్రీ వాడినవారిలో 44 శాతం మందికే వచ్చాయి. (బెంజాయిల్ పెరాక్సైడ్ దిండు గలీబులూ తువ్వాళ్ల రంగూ లాగేస్తుంది. వాడుతున్న ఇళ్లలో ఆ సంగతి ఈపాటికే తెలిసి ఉంటుంది.) తర్వాత 2007లో ఇరాన్ వైద్యులు 60 మందికి 45 రోజుల పాటు 5 శాతం టీ ట్రీ జెల్‌నూ, మందు లేని ఉత్త జెల్‌నూ ఇచ్చి పోల్చారు. ఆ ఫలితం మన దేశపు చర్మవైద్యుల పత్రికలోనే అచ్చయింది. టీ ట్రీ స్పష్టంగా మెరుగ్గా పనిచేసింది.

ఇవి పెద్ద పరీక్షలు కావు. తేలికపాటి నుంచి ఓ మోస్తరు మొటిమల వరకే ఈ మాట చెల్లుతుంది. అయినా 44 శాతం అన్న అంకెను ఇంకోసారి చూడండి. మొక్క మందుతో కూడా దాదాపు సగం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. అదీ 5 శాతం దగ్గర. మన ఇళ్లలో జరిగేది ఏమిటంటే, సీసాలో ఉన్న 100 శాతం నూనెను దూదితో నేరుగా అద్దేయడం.

లెక్క

5 శాతం అంటే 10 మిల్లీలీటర్లలో అర మిల్లీలీటరు. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు అనుకుంటే 10 చుక్కలు. కలిపేది దేంట్లో అన్నది కూడా ముఖ్యమే. కొబ్బరినూనె రంధ్రాలు మూసే నూనె, మొటిమలున్న ముఖానికి అది వద్దు. కలబంద గుజ్జులో నూనె సరిగ్గా కలవదు. బొట్లుగా విడిపోయి ఒకచోట ఏమీ తగలదు, ఇంకోచోట ఘాటుగా తగులుతుంది. అందుకే ఇంట్లో కలుపుకోవడం కంటే 5 శాతం అని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉన్న జెల్ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. శాతం రాయకుండా ఆకు బొమ్మ వేసి అమ్మే ఫేస్‌వాష్‌లు చాలా ఉన్నాయి. అర నిమిషంలో కడిగేసే దాంట్లో ఎంత ఉంటే మాత్రం ఏం లాభం?

ముఖానికి రాసే ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, రోజుకు రెండుసార్లు చొప్పున కొన్ని రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే ఆ మందు మీది కాదు. ఏమీ రాకపోతే రాత్రిపూట మృదువైన సబ్బుతో కడిగి, తుడిచి, మొటిమ మీద చుక్క పెట్టినట్టు కాకుండా మొటిమలు వచ్చే ప్రాంతమంతా పల్చగా రాయాలి. మొదటి వారం 20 నిమిషాలు ఉంచి కడిగేయడం మంచిది. కళ్లకు, పెదవులకు దూరం. ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా తీర్పు చెప్పకండి. ఈ లోపు మొటిమలు గిల్లకుండా ఉండటం, పగలు సన్‌స్క్రీన్ రాయడం మచ్చల విషయంలో మందంత పని చేస్తాయి. తలకు నూనె దట్టంగా పెట్టి పడుకునే పిల్లలకు నుదుటి మీద వరుసగా పొక్కులు వస్తుంటే ముందు ఆ నూనె తగ్గించి చూడండి. ఒక్కోసారి ఇంకేమీ అక్కర్లేదు.

మిగతా ఇంటి మందులు

వేప మీద నాకు గౌరవమే. ప్రయోగశాలలో వేప సారం ఈ బ్యాక్టీరియాను అదుపు చేస్తుంది. కానీ గాజుపళ్లెంలో పనిచేసింది ముఖం మీద ఎంత మోతాదులో పనిచేస్తుందన్న దగ్గర ఆధారం పల్చగా ఉంది. చెట్టుకూ చెట్టుకూ, కాలానికీ కాలానికీ ఆకులో సారం మారుతుంది. శుభ్రంగా కడిగి నూరిన పూత వారానికి ఒకసారి వేసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు. అయితే వేపనూనెను పసిపిల్లలకు పట్టడం ప్రాణం మీదకు తెచ్చే పని. పసుపు ఫర్వాలేదు, కాలేజీకి పచ్చని ముఖంతో వెళ్లడానికి ఒప్పుకుంటే.

నిమ్మరసం మాత్రం ఖచ్చితంగా వద్దు. దాని పులుపు చర్మానికి ఎక్కువ. అదిగాక నిమ్మరసం తగిలిన చోట ఎండ పడితే చర్మం కాలి, నల్లని మరకలు తేలుతాయి. మన ఎండల్లో అది చెప్పనక్కర్లేదు. దాల్చినచెక్క పొడి, టూత్‌పేస్టు కూడా ఇదే కోవలోవి. ఎండిపోయినట్టు కనబడేది మొటిమ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న చర్మం కూడా.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. మాతో పనిచేసిన ఒకావిడ కూతురు ఇంటర్‌లో ఉండగా మందుల షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు. వారంలో ముఖం నున్నగా అయింది. ఇంట్లో అందరూ సంతోషించారు. నాలుగు నెలలు వాడాక ఎండలోకి వెళ్తే మంట, బుగ్గల మీద ఎర్రటి సన్నని రక్తనాళాలు. ఆపితే మునుపటికంటే ఎక్కువ పొక్కులు. ఆ అమ్మాయి ఫేర్‌వెల్ ఫోటోలో నిలబడలేదు. క్రీములో ఉన్నది స్టెరాయిడ్. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అన్న పేర్లుంటే డాక్టరు రాయకుండా ముఖానికి రాయకండి. ఇప్పటికే రాస్తుంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యుల్ని కలవండి. మూలికల క్రీము అంటూ పదార్థాల జాబితా లేకుండా డబ్బాలో పోసి అమ్మే వాటినీ ఇదే అనుమానంతో చూడాలి.

నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాల్సిన సందర్భాలున్నాయి. చర్మం లోపల గట్టిగా, నొప్పిగా ఉండే గడ్డలు, గుంటలు పడుతున్న మొటిమలు, ఛాతీకీ వీపుకీ పాకినవి, రెండు నెలలు వాడినా తగ్గనివి. గుంట పడ్డాక పూడ్చడం కష్టం, ఖర్చు కూడా. ఆడపిల్లలకు మొటిమలతో పాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా అది హార్మోన్ల సంగతి, పీసీఓఎస్ కావచ్చు. దానికి ఏ నూనే సరిపోదు. పిల్లలు ఫోటోలకు తప్పుకుంటున్నా, బంధువులొస్తే గదిలోంచి రాకపోయినా, మొటిమలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకుండా తీసుకెళ్లండి.

చివరగా సీసా సంగతి. టీ ట్రీ నూనె తాగేది కాదు. రెండు మూడేళ్ల పిల్లలు కొంచెం మింగినా మగతలోకి, తూలిపోయే స్థితికి వెళ్తారు. ఇంట్లో కుక్క, పిల్లి ఉన్నా జాగ్రత్త. పై అరలో పెట్టండి. వెలుతురు, గాలి తగిలితే నూనె పాడై అలర్జీ తెచ్చే పదార్థాలు పుడతాయి. అందుకే రంగు గాజు సీసాలో, మూత బిగించి, చల్లని చోట ఉంచాలి. మూత తీసిన తేదీ సీసా మీద పెన్నుతో రాసుకోండి. ఏడాది దాటిందా, ముఖానికి వాడకుండా పారేయండి.