పదహారో వంతు లారీ

వేసవిలో ముంజెలు తిన్న పిల్లవాడు ఖాళీ కాయల్ని పారెయ్యడు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. రెండు కాయల మధ్య ఓ పుల్ల గుచ్చి, దానికి పంగలకర్ర ఆనించి, నోటితో హారన్ కొట్టుకుంటూ వీధి చివరిదాకా తోసుకుపోవడమే. ఆడపిల్లలం మనమూ తోశాం. కాకపోతే మన బండి సగం దూరం వెళ్లేసరికి "ఇల్లు ఊడ్చావుటే?" అని లోపల్నుంచి కేక వినపడేది. మగపిల్లల బండి ఇంకాస్త దూరం పోయేది. కొందరిదైతే అరవయ్యేళ్లు దాటినా ఆగదు.

అలా ఆగని బండి ఒకటి ఉంగుటూరు దగ్గర మా వదినగారింట్లో ఉంది. వదినంటే మావారి అక్కగారు. అన్నయ్యగారు రైతు. కొంత వరి, కొంత చేపల చెరువు. పొలం పని లేని రోజుల్లో ఆయన లారీలు తయారుచేస్తారు. బల్లమీద పెట్టుకునేంత లారీలు. "పేరు మటుకు రాయకు చెల్లెమ్మా, ఊళ్లో పిల్లలంతా నాకో లారీ, నాకో బస్సు అని వచ్చి కూర్చుంటారు" అన్నారు. అందుకని పేరు రాయడం లేదు. పని గురించి రాస్తాను.

ఉంగుటూరు మద్రాసు - కలకత్తా రోడ్డు మీది ఊరు. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చినప్పుడు ఇది 16వ నంబరు అయింది గానీ, మా పెద్దవాళ్ల నోట ఇప్పటికీ అయిదో నంబరు రోడ్డే. జిల్లా కూడా మారింది. 2022లో ఉంగుటూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, పక్కనున్న తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. లారీలకు ఇవేం పట్టవు కదా! గూడెం మార్కెట్టుకు కర్నూలు ఉల్లిపాయలు తెచ్చేవి, మిల్లుల నుంచి బియ్యం మోసేవి, కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసుపెట్టెల్లో సర్దుకుని రాత్రికి రాత్రే హౌరా దారి పట్టేవి. అరుగుమీద కూర్చున్న పిల్లవాడికి ఇంతకన్నా సినిమా ఏముంటుంది?

అన్నయ్యగారికి ఒకప్పుడు సొంత లారీ ఉండేది. ఆ రోజుల్లో కంపెనీ నుంచి వచ్చేది ఇంజనూ, చాసిస్సూ మాత్రమే. క్యాబిన్, వెనక తొట్టి కట్టించుకోవడం కొన్నవాళ్ల పని. మనవైపు వాళ్లకు దానికి పెట్టింది పేరు విజయవాడ ఆటోనగర్. వడ్రంగులు, వెల్డర్లు, పెయింటర్లు, సీటు కుట్టేవాళ్లు అందరూ అక్కడే. తన లారీ బాడీ కడుతున్నన్నాళ్లూ ఆయన అక్కడే మకాం వేసి, ప్రతి మేకునూ దగ్గరుండి కొట్టించుకున్నారట. చెరువులో నష్టం వచ్చిన ఏడాది ఆ లారీని అప్పుకింద అమ్మేయాల్సి వచ్చింది. "అది గుమ్మం దిగి వెళ్లిపోయాక నాల్రోజులు అన్నం సరిగ్గా తిన్లేదమ్మా" అంది వదిన. అయిదో రోజు పెరట్లోంచి ఓ పాత డాల్డా డబ్బా తెచ్చి కత్తిరించడం మొదలుపెట్టారు. ఏమిటండీ అనడిగితే "క్యాబిన్" అన్నారట. మొదటి బొమ్మ ఆ లారీయే. నంబరు పలక మీద ఏపీ 37 అనే ఉంటుంది, పశ్చిమ గోదావరి పాత నంబరు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అయ్యాక, ఈ 37 చూస్తే మనవాళ్లకు మేనత్త ఊరు గుర్తొచ్చినట్టుంటుంది.

అంగుళానికి పదహారు గీతలు

బొమ్మ లారీ అంటే తిరనాళ్లలో అమ్మే రేకు లారీ అనుకునేరు. ఇక్కడ కొలత ముఖ్యం. ఆయన పదహారో వంతు లెక్కలో చేస్తారు. ఎందుకంటే కొలిచే టేపు మీద అంగుళానికి పదహారు గీతలుంటాయి. అసలు లారీ మీద ఒక అంగుళం, బొమ్మమీద ఒక గీత. లెక్కలు రానివాడికి కూడా తప్పు పోదు. లారీ టైరు ఎత్తు దాదాపు 40 అంగుళాలు, బొమ్మకు రెండున్నర. ఎనిమిదడుగుల వెడల్పు ఆరంగుళాలవుతుంది. అయిదడుగుల నాలుగంగుళాల డ్రైవరు నాలుగంగుళాల మనిషై సీట్లో కూర్చుంటాడు. మీ ఇంట్లో సెలవుల్లో పిల్లలు విసిగిస్తుంటే ఈ లెక్కతో ఒక అట్టలారీ చేయించి చూడండి. భిన్నాలు బళ్లోకన్నా బాగా వస్తాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన చిక్కు ఒకటుంది. పొడవు పదహారో వంతు, వెడల్పు పదహారో వంతు, ఎత్తూ అంతే. అలాంటప్పుడు బరువు పదహారో వంతు కావాలి కదా అనుకున్నాను. కాదట. పదహారుని మూడుసార్లు హెచ్చవేస్తే 4096. అయిదు టన్నుల ఖాళీ లారీని అదే ఇనుముతో, అదే కర్రతో చేసినా కిలోంబావు దాటదు. అందుకే చిన్న బొమ్మ గతుకుల్లో అసలు లారీలాగా నిదానంగా ఊగదు, ఎగిరెగిరి పడుతుంది. ఆ ఊపు రావాలని అన్నయ్యగారు తొట్టి అడుగున సీసం ముక్కలు దాస్తారు. కమాను పట్టీలు పాత గడియారం స్ప్రింగు కత్తిరించి చేసినవి.

ముందు అట్టమీద నమూనా గీస్తారు, మనం జాకెట్టుకి కాగితం కత్తిరించుకున్నట్టే. అది సరిగ్గా కూర్చున్నాకే రేకు మీదా, ప్లైవుడ్ మీదా చెయ్యి పడుతుంది. టైర్లు అరిగిపోయిన హవాయి చెప్పులవి. కాల్చిన రంపపు బ్లేడుతో వాటిమీద గాళ్లు తీస్తారు. అద్దాలు కడిగేసిన ఎక్స్‌రే ఫిల్ములు. అవి మా అత్తగారి మోకాళ్లవే అని వదిన నవ్వుతుంది. పొగ గొట్టం బాల్‌పెన్ను రీఫిల్లు, మడ్‌ఫ్లాపులు సైకిలు ట్యూబు, లైట్లు వినాయక చవితి సీరియల్ సెట్టులోవి. చక్రాలు తిరిగితే చాలదు, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు కూడా తిరగాలి. ఆ ఒక్క పనికి ఆయనకి మూడు నెలలు పట్టింది.

రంగుల దగ్గరికొచ్చేసరికి పని వదినది. తొట్టి పక్కల తామరపూలు, క్యాబిన్ నుదుట నెమళ్లు, వెనక 'మళ్ళీ కలుద్దాం', కింద వేలాడే నల్లతాడూ నిమ్మకాయా అన్నీ ఆవిడ చేతివే. ముగ్గులు పెట్టిన చెయ్యి కదా, గీత వణకదు. పైన కప్పే టార్పాలిను పాత గొడుగు గుడ్డ. దానికి కన్నాలు పొడిచి, చుట్టూ కాజాకుట్టు కుట్టి, లేసుదారంతో తాళ్లు పేనింది. చూడ్డానికొచ్చినవాళ్లందరూ "మావయ్యగారి చెయ్యే చెయ్యండీ!" అంటారు. "పూలు నావి, పొగడ్తలు ఆయనవి" అంటుంది వదిన, కాఫీ గ్లాసులు అందిస్తూ. నవ్వుతూనే అంటుంది గానీ అందులో నిజం లేకపోలేదు.

ఇలాంటి పిచ్చి మన ఒక్క ఊళ్లోనే ఉందనుకోకండి. 1945లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డుబ్యూక్ పట్నంలో ఫ్రెడ్ ఎర్టల్ అనే పోత పనివాడు, ఇంట్లో కొలిమి మీదే అల్యూమినియం కరగబోసి, ఇసుక అచ్చుల్లో బొమ్మ ట్రాక్టర్లు పోయడం మొదలుపెట్టాడు. ఇంటిల్లిపాదీ సాయం పట్టారు. తర్వాత అది పెద్ద కంపెనీ అయింది. రైతులు తాము నడిపే ట్రాక్టరుకే బొమ్మ కొనుక్కుని అల్మారాలో పెట్టుకోవడం అక్కడ ఆచారమైపోయింది. దగ్గర్లోని డయర్స్‌విల్లో పొలం బొమ్మలకే ఒక మ్యూజియం ఉంది. ఆ బొమ్మల్లో ఎక్కువ చలామణీ అయిన కొలత కూడా పదహారో వంతే. ఇంగ్లండులో జాక్ ఓడెల్ కథ ఇంకా ముచ్చటైంది. 1950ల మొదట్లో ఆయన కూతురి బళ్లో ఒక నియమం ఉండేదట, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మయితేనే తేవాలని. ఆయన ఇత్తడితో అంత చిన్న రోడ్డు రోలరు చేసిచ్చాడు. దాన్నుంచే ప్రపంచమంతా ఎరిగిన మ్యాచ్‌బాక్స్ కార్లు పుట్టాయి.

మన తెలుగువాళ్లలో హైదరాబాదు సుధాకర్ గారు ఉన్నారు. తుక్కు సామాను నుంచే కార్లు చేసి, 2010లో బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. ఆయన చేసిన మూడు చక్రాల పెద్ద సైకిలు 2005లో గిన్నిస్ రికార్డుకెక్కింది. హ్యాండ్‌బ్యాగు ఆకారంలో, ఎత్తుమడమ చెప్పు ఆకారంలో కూడా నడిచే కార్లు చేశారు. ఊరు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించదగ్గ చోటు. ఆయన సరదాకి ఆకారం మారుస్తారు, మా అన్నయ్యగారు ఉన్న ఆకారం పోగొట్టుకోకూడదని చేస్తారు. అంతే తేడా.

జీపు వచ్చిన ఏడాది

బొమ్మలతో వదినకు పేచీ లేదు. వసారా నిండా రంపప్పొట్టు, గచ్చుమీద ఫెవిక్విక్ మరకలు, అంతే కదా. పేచీ వచ్చింది జీపుతో. ఓ రైసుమిల్లు పెరట్లో తుమ్మచెట్టు కింద తుప్పు పట్టిపోతున్న పాత జీపును అన్నయ్యగారు చూసి వచ్చారు. 1947 నుంచి మహీంద్రా వాళ్లు మనదేశంలో బిగించి అమ్మిన విల్లీస్ రకం. "తుక్కు రేటుకే ఇస్తామన్నారు" అని ఆయన. తుక్కు కొనడానికి డబ్బు అవదు, తుక్కును బండి చెయ్యడానికే అవుతుందని వదినకు తెలుసు. ఆవిడ పద్దులు రాసే మనిషి.

రెండు రోజులు మాటల్లేవు. మూడోరోజు వదిన ఒక వందపేజీల నోట్‌బుక్కు తెచ్చి ముందు పెట్టింది. "జీపు మీద పెట్టే ప్రతి రూపాయీ ఇందులో పడాలి. చేనుమీద అప్పు తేకూడదు. ఈలోగా నా వంటింటి కప్పు బాగుచేయించాలి. ఇవి మూడూ ఒప్పుకుంటే తెచ్చుకోండి." ఆయన ఒప్పుకున్నారు. వంటింటి కప్పు ముందు పడింది, జీపు తర్వాత వచ్చింది. నన్నడిగితే ఈ ఇంట్లో అన్నిటికన్నా చక్కగా కుదిరిన పని ఆ నోట్‌బుక్కే. భర్త సరదాని ఆపలేక, భరించలేక లోలోపల కుమిలిపోయే ఇల్లాళ్లు నాకు చాలామంది తెలుసు. వదిన ఆ రెండూ చెయ్యలేదు.

జీపు పని ఏడాదిన్నర సాగింది. పట్టేసిన బోల్టులకు కిరసనాయిలు పోసి రోజుల తరబడి నానబెట్టాలి. తొందరపడి తిప్పితే తల తెగుతుంది, బోల్టుది. ఊడదీసిన ప్రతి మరనూ ఏ భాగానిదో రాసి దాచాలి. అలా దాచడానికి వదిన పోపుల పెట్టె మాయమైంది. (నోట్‌బుక్కులో 'పోపుల పెట్టె, కొత్తది' అని ఓ పద్దు ఉంది.) తుప్పు ఇనుప బ్రష్షుతో గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, ఆ పూటే రెడాక్సైడు కొట్టెయ్యాలి. చుట్టూ చెరువులున్న ఊళ్లో గాలికి చెమ్మెక్కువ. రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ఇంజను మాత్రం గూడెం మెకానిక్కు చేశాడు.

ఇలాంటి పాత బండ్లకు 2021లో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనయి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే 'వింటేజ్' బండిగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా అయితే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించడానికి 5,000. నంబరులో 'వీఏ' అనే అక్షరాలొస్తాయి, అంతకుముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే దానిమీద రోజూ సంతకెళ్లడం, కిరాయికి తిప్పడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీయొచ్చు. ఇంట్లో తాతగారి స్కూటరో, కారో ఉన్నవాళ్లు తూకానికి వేసేముందు పాత ఆర్‌సీ పుస్తకం ఎక్కడుందో వెతుక్కోండి. కాగితం లేకపోతే బండి ఎంత మెరిసినా లాభం తక్కువ.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ నియమం ద్విచక్ర వాహనాలకు, మనుషులు ఎక్కే నాలుగు చక్రాల బండ్లకు మాత్రమే. సరుకులు మోసే లారీకి లేదు, ట్రాక్టరుకి లేదు. దొరలెక్కిన కారు వింటేజ్ అవుతుంది, మన ధాన్యం మోసిన లారీ తుక్కవుతుంది. "అందుకేనమ్మా బొమ్మ చేసేది" అన్నారు అన్నయ్యగారు. ఆటోనగర్ కర్ర తొట్టెలు, చేత్తో వేసిన నెమళ్లు ఇప్పుడు రోడ్డుమీద తగ్గిపోతున్నాయి. కంపెనీ క్యాబిన్లన్నీ ఒక్కలాగే ఉంటాయి.

అవి చెబుతుండగా నా చూపు వదిన పేనుతున్న దారం మీదే ఉంది. ఆవిడ పుట్టిల్లు నరసాపురం వైపు. మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన లేసు పని అక్కడ ఇంటింటా ఉండేది. పెళ్లికి ముందు వదినా అల్లింది, ముక్కకింత అని. ఆ లేసు విదేశాలకు ఎగుమతయ్యేది. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే ఆవిడ ఆ స్త్రీల గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అందులో ఆవిడ ఎత్తిచూపింది ఇదే. రోజులో గంటలకొద్దీ అల్లుతున్నా వాళ్లను పనివాళ్లుగా లెక్కెయ్యలేదు, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే ఇల్లాళ్లని అన్నారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. డబ్బు తెచ్చిన లేసు కాలక్షేపమైంది, డబ్బు తినే జీపు కళ అయింది. వదినతో ఈ మాటంటే, "నువ్వు కథలు రాసేదానివి, నీకు అన్నీ అలాగే కనబడతాయి" అని కొట్టిపారేసింది. కానీ మర్చిపోలేదు.

ఇప్పుడు బల్లమీద తయారవుతున్నది చేపల లారీ, హౌరా వెళ్లేది. దానికి ఐసుపెట్టెలు కావాలి. ఒక్కోటి ఒకటిన్నర అంగుళం పొడవు, అంగుళం వెడల్పు. అరవై పెట్టెలు అట్టతో మడిచి, అంటించి, రంగు వెయ్యాలి. ఆ పని వదినది. ఈసారి పెట్టెకింత అని కూలి నోట్‌బుక్కులో రాయమంది. అన్నయ్యగారు నవ్వి రాశారు. నేను వచ్చేనాటికి లెక్క ఇలా ఉంది: పన్నెండు పెట్టెలు పూర్తి, ఏడింటికి ముట్టింది, అయిదింటికి బాకీ.