మూడు మూలల ఇంజను

కారు కొనబోయేవాడు మన ఊళ్లో ముందడిగేది ఒకటే: లీటరుకెంతిస్తుంది? రంగూ సీట్లూ తర్వాతి మాట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక మూలపడిన ఇంజను ఒకటుంది.

దాన్ని ఊహించిన ఫెలిక్స్ వాంకెల్ 1902లో జర్మనీలోని లార్‌లో పుట్టాడు. ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కలేదు. చూపు సరిగా ఆనేది కాదు, డ్రైవింగ్ లైసెన్సు లేకుండానే జీవితం గడిచిపోయింది. నాజీ పార్టీలో తిరిగిన చరిత్ర కూడా ఉంది. దాన్ని మింగేసి మేధావి అని మాత్రమే పొగడటం నాకు ఇష్టం లేదు.

మామూలు ఇంజనులో పిస్టన్ పైకి పోయి ఆగుతుంది, కిందికొచ్చి ఆగుతుంది. నిమిషానికి కొన్ని వేలసార్లు ఇదే వరస. రోకటి పోటు అన్నమాట. వాంకెల్‌కి కావలసింది తిరగలి: ఆగకుండా ఒకే వైపు తిరగాలి.

నడుం దగ్గర కాస్త నొక్కిన కోడిగుడ్డు లాంటి గది, అందులో పక్కలు ఉబ్బిన మూడు మూలల రోటరు. ఎటు తిరిగినా మూడు మూలలూ గోడను ఒరుసుకునే ఉంటాయి. దాంతో మూడు అరలు ఏర్పడి, తిరిగే కొద్దీ పెద్దవీ చిన్నవీ అవుతుంటాయి. ఒకదాంట్లోకి పెట్రోలు కలిసిన గాలి వస్తుంటే, ఇంకోదాంట్లో మంట రగులుతుంటుంది, మూడోదాంట్లోంచి పొగ పోతుంటుంది. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. చిన్న పెట్టెలోంచి అంత బలం, అంత మెత్తగా!

జర్మనీలోనే నెకార్సుల్మ్‌లో ఉన్న ఎన్‌ఎస్‌యూ వాహనాల కంపెనీలో 1957 ఫిబ్రవరి 1న ఈ ఇంజను మొదటి నమూనా నడిచింది. అందులో రోటరుతో పాటు గది కూడా తిరిగేది. స్పార్క్ ప్లగ్గు మార్చాలంటే ఇంజను విప్పుకోవాల్సిందే. హాన్స్ డీటర్ పాష్కే అనే ఇంజనీరు గదిని కదలకుండా బిగించి, రోటరునే తిప్పాడు. తర్వాత కార్లలోకి వచ్చింది ఆ రూపమే. తన పందెపు గుర్రాన్ని నాగలికి కట్టారని వాంకెల్ చిన్నబుచ్చుకున్నాడట.

అసలు తిప్పలు మూలల దగ్గర. పిస్టన్ రింగులు చేసే పని ఇక్కడ ఒక్కో మూలలో ఒదిగిన సన్నటి పట్టీ చేయాలి. 1967లో వచ్చిన ఎన్‌ఎస్‌యూ ఆర్‌ఓ 80 మరుసటి ఏడాది యూరప్‌లో ఉత్తమ కారుగా ఎంపికైంది. ఇంతలో పట్టీలు అరిగి ఇంజన్లు చతికిలబడ్డాయి. ఆ కారు యజమానులు రోడ్డు మీద ఎదురుపడితే, ఎన్ని ఇంజన్లు మార్చారో వేళ్లు చూపి పలకరించుకునేవారని జర్మనీలో చెప్పుకుంటారు. ఎన్‌ఎస్‌యూ 1969లోనే ఫోక్స్‌వ్యాగన్ గూటికి చేరింది.

జపాన్‌లోని హిరోషిమాలో ఇదే ఇంజనును చేపట్టిన మాజ్దా కంపెనీ ఇంజనీరు కెనిచి యమమోతో, 46 మంది సహచరులు కూడా ఆ పట్టీతోనే కుస్తీ పట్టారు. గది గోడ మీద వరసగా గీతలు పడేవి. వాటికి దయ్యపు గోటి గాట్లు అని పేరు పెట్టుకున్నారు. పట్టీ తన సహజ పౌనఃపున్యంలో వణికి గోడను గీస్తోందని తేలింది. లోపల అడ్డంగా నిలువుగా బెజ్జాలు వేసి ఆ వణుకును మార్చారు. చివరికి అల్యూమినియం ఎక్కించిన కార్బన్ పట్టీలతో 1967లో కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి వచ్చింది. నన్నడిగితే ఈ కథలో వాంకెల్ కంటే యమమోతో ఒక మెట్టు పైనే.

పట్టీ లొంగింది గానీ పెట్రోలు దాహం తీరలేదు. గ్లాసులో కాఫీ కంటే సాసర్లో పోసింది తొందరగా చల్లారుతుంది కదా. ఈ ఇంజనులో మంట రగిలే అర సాసరు లాగే పలచన, పైగా పొడుగు. వేడి గోడల్లోకి పోతుంది. కొంత పెట్రోలు మండకుండానే పొగగొట్టం దారి పడుతుంది. పట్టీలు ఒరుసుకుపోకుండా లోపలికి కొంచెం కొంచెంగా వదిలే ఇంజన్ ఆయిలు కూడా మండిపోతుంది. 1973లో అరబ్ దేశాలు చమురు బిగించేసరికి అందరి నోటా మన ఊరి ప్రశ్నే. జనరల్ మోటార్స్ తన రోటరీ ఇంజను పథకాన్ని అటకెక్కించింది. సిట్రోయెన్ అయితే అమ్మిన రోటరీ కార్లనే తిరిగి కొని తుక్కు చేసింది.

మాజ్దా మాత్రం వదల్లేదు. 1991లో నాలుగు రోటర్ల 787బి కారు లె మాన్ 24 గంటల పందెం గెలిచింది, జపాన్ కంపెనీకి అది అక్కడ తొలి గెలుపు. అయినా పందెంలో గెలిచిన గుర్రానికి దాణా ఖర్చు తగ్గదు. మాజ్దా రోటరీ కారు ఆర్‌ఎక్స్-8 అమెరికా ప్రభుత్వ లెక్కల్లో ఊళ్లో లీటరుకి దాదాపు 7 కిలోమీటర్లే ఇచ్చింది. 2012లో ఆ కారు కూడా ఆగిపోయింది.

2023లో రోటరు మళ్లీ కనిపించింది, ఈసారి చక్రాలతో సంబంధం లేకుండా. మాజ్దా ఎంఎక్స్-30 ఆర్-ఈవీ కారులో చక్రాలను తిప్పేది కరెంటు మోటారు. 830 సీసీ ఒంటి రోటరు పక్కన కూర్చుని జనరేటరు తిప్పుతుంది. ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోయే బాధ లేదు. తనకు నప్పిన వేగంలో నడిస్తే చాలు. చోటు తక్కువ, వణుకు తక్కువ అన్న పాత గుణాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. మూలల్లోని ఆ పట్టీ మందం మాత్రం ఆర్‌ఎక్స్-8లో 2 మిల్లీమీటర్లు ఉండేది, ఇప్పుడు రెండున్నర చేశారు.