పితికిపప్పుకో సొంతిల్లు

అనపకాయల కాలం వచ్చిందంటే సదుం, సోమల, చౌడేపల్లె వైపు ఏ వీధిలో చూసినా ఆడవాళ్ళు చేట ముందేసుకుని కాయలు వలుస్తూ కనిపిస్తారు. గింజల్ని నానబోసి, ఒక్కొక్కటే వేళ్ళమధ్య పితికి, తోలు తీసి వండే పితికిపప్పు... పక్కన వేడివేడి రాగిసంకటి! పెళ్ళయి బెంగుళూరుకు వెళ్ళిన ఆడపిల్ల ఆ రుచి గుర్తొస్తే అమ్మకు ఫోన్ చేస్తుంది. అమ్మ వాట్సప్‌లో చెప్పి పంపుతుంది. నెల తిరిగేసరికి అది గుడ్‌మార్నింగుల కింద ఎక్కడో కప్పడిపోతుంది. ఫోన్ పాడైందా, ఇక అంతే సంగతులు.

అలా పోకూడదనుకుంటే దానికంటూ ఒక చోటు ఉండాలి. సొంత బ్లాగు పెట్టుకుంటే సరి. ‘అబ్బే, అది కంప్యూటర్ చదువులు చదివినవాళ్ళ పని కదమ్మా’ అంటారా? కాస్త ఆగండి.

అమెరికాలో మేనా ట్రాట్ అనే ఆవిడకు బ్లాగు రాసే సరదా ఉండేది. అప్పట్లో దొరికే సాధనాలేవీ నచ్చక, భర్త బెన్‌తో కలిసి 2001లో మూవబుల్ టైప్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేశారు. రాసిన విషయం ఒకచోట, దాని ముస్తాబు ఇంకోచోట ఉంచి, పేజీలను తనే కూర్చిపెట్టే ఇలాంటి ఏర్పాటును కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. ఆ మరుసటేడాది కాక 2003 మేలో వచ్చిన వర్డ్‌ప్రెస్ కూడా ఈ కోవలోదే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2020 డిసెంబరులో దాని 5.6 వెర్షన్‌ను విడుదల దాకా ముందుండి నడిపించింది ఆడవాళ్ళే. మన తెలుగులోనే చూడండి, 2009లో మొదలైన పుస్తకం డాట్ నెట్‌ను పెట్టింది వి.బి.సౌమ్య, పూర్ణిమ తమ్మిరెడ్డి అనే ఇద్దరమ్మాయిలు.

అద్దె కొంపా, సొంతిల్లా?

బ్లాగర్, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ లాంటి చోట్ల పైసా ఖర్చు లేకుండా ఈ సాయంత్రమే మొదలుపెట్టేయొచ్చు. కానీ అది అద్దె ఇల్లు. మేకు కొట్టాలన్నా యజమాని ఒప్పుకోవాలి. సొంతిల్లు కావాలంటే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరికే సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని, ఒక పేరు (డొమైన్), కాస్త జాగా (హోస్టింగ్) ఏడాదికింతని కట్టి తీసుకోవాలి. పేరు ఒకేలా ఉన్నా ఈ రెండూ వేరని చాలామందికి తెలీదు.

అద్దె ఇంటితో వచ్చే చిక్కేమిటో చెప్పాలంటే మళ్ళీ మేనా దగ్గరికే వెళ్ళాలి. 2003లో వాళ్ళ సంస్థ టైప్‌ప్యాడ్ అనే బ్లాగుల సర్వీసు పెట్టింది. తర్వాత అది చేతులు మారింది. 2025 ఆగస్టు చివర్లో ‘మూసేస్తున్నాం, మీ రాతలు మీరు తీసుకెళ్ళండి’ అని ప్రకటన వచ్చింది. సెప్టెంబరు 30న మూతపడింది. గడువు నెలపై నాలుగు రోజులు! సమయానికి చూసుకున్నవాళ్ళు మూటాముల్లె సర్దుకున్నారు. చూసుకోనివాళ్ళ సంగతి చెప్పేదేముంది?

ఇంకో మాట. సొంతిల్లు కడుతున్నప్పుడు పట్టా ఎవరి పేరునుందో చూసుకోరూ? ఇదీ అంతే. డొమైన్, హోస్టింగ్ రెండూ మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. బ్లాగు చేసిపెట్టిన కుర్రాడి పేరునో, మరిది ఈమెయిల్‌తోనో ఉంటే, రేపు వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు మీ ఇంటి తాళం మీ దగ్గర ఉండదు. ఏటా రుసుము కట్టే తేదీని క్యాలెండర్లో గుండ్రంగా చుట్టిపెట్టుకోండి. గడువు దాటిపోతే ఆ పేరును వేరొకరు కొనేసుకోవచ్చు.

ముస్తాబు ఎలా?

బ్లాగు రూపాన్ని థీమ్ అంటారు. ఉచితంగానే బోలెడు దొరుకుతాయి. ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాల కోసం కుట్టిన రవికలు! మనకు ఒత్తులు, గుణింతాలు పైకీ కిందికీ పాకుతాయి కదా, వరసల మధ్య జాగా చాలక ఒకదాన్నొకటి రాసుకుంటాయి. లైన్ హైట్ అనేదాన్ని 1.8 దాకా పెంచి చూడండి, కళ్ళకెంత హాయిగా ఉంటుందో! అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచకండి, వాలుగా పెట్టకండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్టీఆర్, రామభద్ర వంటి తెలుగు ఖతులు ఉచితం. చదివే భాగానికి మండలి, శీర్షికలకు లావుపాటి రామభద్ర నప్పుతాయి.

ఇలాంటి మార్పుల్ని థీమ్ ఫైళ్ళలోనే రాసేస్తే, కొత్త వెర్షన్ రాగానే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే చైల్డ్ థీమ్ అని ఒకటి పెట్టుకుని అందులో రాసుకోవాలి. తల్లి మారినా పిల్ల అలాగే ఉంటుందన్నమాట. ప్లగిన్లు కనిపించినవల్లా తగిలించకండి. ఒక్కొక్కటీ బరువే, పాతబడితే దొంగలకు దొడ్డిదారి.

వర్గాలను మీ ఇంటి లెక్కలోనే పెట్టుకోండి. ‘వెజ్, నాన్‌వెజ్’ ఎందుకూ? అనపకాయల కాలం, మామిడికాయల కాలం, మదనపల్లె టమోటా ధర పడిపోయినప్పుడు పెట్టే నిలవ పచ్చళ్ళు... ఇలా ఉంటే చదివేవాళ్ళకూ ముచ్చటగా ఉంటుంది. చెనిక్కాయల ఊరిబిండిని ‘వేరుశనగ చట్నీ’ అని మార్చనక్కర్లేదు. కావలిస్తే రెండో పేరు లోపల ఒకసారి రాయండి, వెతికేవాళ్ళకు దొరుకుతుంది. పితికిపప్పును కన్నడంవాళ్ళు హితికిద బేళె అంటారు. అదీ ఓ మాట వేస్తే బెంగుళూరు పక్కింటావిడకు కూడా పనికొస్తుంది.

తెలుగు శీర్షిక పెడితే, లింకు పంపినప్పుడు అది శాతం గుర్తులతో బారెడు పొడుగు తయారవుతుంది. ప్రచురించే ముందే దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా మార్చుకోండి. ఫోన్లో తీసిన ఫొటోను ఉన్నపళాన ఎక్కించొద్దు. వెడల్పు 1200 పిక్సెల్స్‌కు తగ్గిస్తే సిగ్నల్ సరిగా లేని పల్లెలోనూ త్వరగా తెరుచుకుంటుంది.

టైపింగ్ రాని అమ్మలు ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్తే చాలు, అదే రాసుకుంటుంది. మన చిత్తూరు మాటల్ని మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. అమ్మ చెప్తుంటే కూతురు దిద్దడం ఇంకా మంచి పద్ధతి. ఉప్పు ‘తగినంత’ అంటే ఎంతో అక్కడికక్కడే అడిగి రాసేయొచ్చు!

చివరగా మూట కట్టుకునే సంగతి. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. నొక్కితే మీ రాతలన్నీ ఒకే ఫైలుగా దిగుతాయి. అందులో ఫొటోలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. కాబట్టి హోస్టింగ్‌లో అప్‌లోడ్స్ అనే ఫోల్డర్‌ను విడిగా పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవాలి. అప్పుడప్పుడు రాసేవాళ్ళకు మూణ్ణెల్లకోసారి చాలు, రోజూ రాసేవాళ్ళయితే వారానికోసారి.